నా సైకిల్ హ్యాండిల్, వాళ్ల కంటిన్యుటీ

మధురానగర్ నుంచి ఫిల్మ్ నగర్‌కు సైకిల్ మీద వస్తానంటే అందరికీ నవ్వులాటే. మేకప్ వేసే ఆడమనిషికి కనీసం స్కూటీ అయినా ఉండాలట. నాకు ఆ సైకిలే హాయి. హ్యాండిల్‌ను సీటు కంటే కాస్త ఎత్తులో పెట్టుకున్నాను. కిందికుంటే ఒంటి బరువంతా అరచేతుల మీద పడి చిటికెన వేళ్లు మొద్దుబారతాయి. కంటికి లైనర్ గీసేటప్పుడు మేం ఆ వేలినే ఎదుటివాళ్ల చెంపకు ఆనించుకుంటాం. అది మొద్దుబారితే నా పని గోవిందా.

ఈమధ్య నేను పనిచేస్తున్న సినిమాలో హీరోయిన్ తొక్కడానికి నా సైకిల్ అడిగారు. సరేనన్నాను. సాయంత్రం చూస్తే హ్యాండిల్ అడుక్కి దిగి ఉంది. ఆ అమ్మాయి వంగి తొక్కితేనే ఫ్రేమ్ బాగుంటుందట. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నన్నొక్క మాట అడగలేదు. పైకెత్తుకోబోతుంటే అసిస్టెంట్ డైరెక్టర్ పరుగెత్తుకొచ్చాడు.

“ముట్టుకోకండి అక్కా. సీన్ సగమే అయింది, కంటిన్యుటీ పోతుంది.”

“మరి నేనెట్ల తొక్కాలె?”

“రెండ్రోజులే కదండీ, సర్దుకోండి.”

కంటిన్యుటీ సంగతి నాకు తెలియనిదా? ఒక షాట్‌కూ ఇంకో షాట్‌కూ మధ్య బొట్టు వెంట్రుకవాసి జరిగినా తిట్లు తినేది నేనే. అందుకే దాన్నలాగే ఇంటికి తొక్కాను. మర్నాడు జూబ్లీహిల్స్ ఎత్తెక్కి వచ్చేసరికి మెడ పట్టేసింది, వేళ్లకు స్పర్శ లేదు. హీరోయిన్ కంటి దగ్గర గీత వంకరపోయింది. తుడిచి గీశాను. మళ్లీ వంకరే.

అసిస్టెంట్ డైరెక్టర్ నిన్నటి ఫోటోతో పోల్చి చూశాడు. “ఏంటక్కా, చెయ్యి ఆడటం లేదా? ఇంకెవరినైనా పిలిపించమంటారా?”

ఒళ్లు మండిపోయింది. హ్యాండిల్ దించింది వాళ్లు, మొద్దుబారింది నా వేలు, ఊడేది నా పని. బ్రష్ పక్కన పడేసి బయటికి నడిచాను. సెట్లు వేసే ఆర్ట్ వాళ్ల దగ్గర స్పానర్ తీసుకుని బోల్టు వదులు చేసి, ఒక్కటి తట్టి, హ్యాండిల్ పైకి లాగి బిగించాను.

“మన సినిమానే కదక్కా, మీరే ఇలా చేస్తే ఎలా?” అన్నాడతను.

“సినిమా మనదే తమ్మీ, సైకిల్ నాది. షాట్‌కు నువ్వే దించు, అయిపోంగనే నువ్వే ఎత్తు.”

“ఎంత ఎత్తో ఎలా తెలుస్తుందండీ?”

“ఫోటో తీస్కో. గిదీ కంటిన్యుటీయే.”

మూతి ముడుచుకునే తీసుకున్నాడు. నేను లోపలికెళ్లి వేళ్లు నులుముకుంటూ కూర్చున్నాను. షాట్ రెడీ అని ఎవరెన్నిసార్లు పిలిచినా లేవలేదు. నా చిటికెన వేలికి స్పర్శ తిరిగొచ్చి ఆ అమ్మాయి చెంప తెలిసేదాకా యూనిట్ మొత్తాన్నీ అలాగే కూర్చోబెట్టాను.