పెన్సిల్ మొన, బాపు నోరు

పొద్దున చాయ్ తాగుతూ పెన్ పెన్సిల్‌తో రాసుకోవడం నాకు ఇష్టం. నిన్న లెడ్డు అయిపోతే వెనక మూత తీసి కొత్తది వేసి నొక్కాను. రాలేదు. సిరిసిల్లలో బతుకంతా సాంచెల మీద బట్ట నేసిన మా బాపు పక్కనే ఉన్నాడు.

"ఇటియ్యి బిడ్డా" అని లాక్కుని, మొనను పెదాల మధ్య పెట్టి గట్టిగా పీల్చాడు. సాంచె మీద అటూ ఇటూ ఉరికే నాడెలో కొత్త దారపు కండె పెట్టినప్పుడల్లా, నాడె కంటి రంధ్రంలోంచి దారాన్ని అట్లాగే నోటితో లాగేవాడు.

"ఛీ! గది నాడెనా బాపూ? నోట్ల వెట్టుకుంటవేంది?"

"కన్నున్నది గదా!" అన్నాడు, నల్లబడ్డ పెదాలతో.

విసుక్కుంటూ మొన విప్పి, ఇరుక్కున్న ముక్కను గుండుసూదితో తీశాను.

ఇవాళ లెడ్డు మళ్లీ ఇరుక్కుంది. గుండుసూది ఎదురుగానే ఉంది. బాపు పకపకా నవ్వినప్పుడు గానీ తెలియలేదు, పెన్సిల్ నా పెదాల మధ్య ఉందని.