హైదరాబాద్‌కు పంపిన పళ్ళ ఫొటోలు

మస్కట్ శివార్లలోని అల్ ఖౌద్‌లో యూనివర్సిటీ వైపు పోయే రోడ్డు మీద, ఇస్త్రీ దుకాణానికీ టీ హోటలుకీ మధ్య, రెండు గదుల పళ్ళ ఆసుపత్రి ఒకటి ఉంది. కింది దవడకు కట్టుడు పళ్ళు పెట్టించుకోవడానికి నేను చాలాసార్లు అక్కడికి వెళ్ళవలసి వచ్చింది. తలుపు తీయగానే ఎదురయ్యే బల్ల వెనక ప్రభాకర్ కూర్చునేవాడు. జగిత్యాల వైపు మనిషి, నలభై దాటినవాడు. లేవాలంటే ముందు బల్ల పట్టుకునేవాడు, తర్వాత గోడ. నా చేతిలో తెలుగు పుస్తకం చూసి తనే పలకరించాడు. నా వంతు వచ్చేదాకా ఏదో ఒకటి చెప్పేవాడు. ఇక్కడ రాస్తున్నదంతా అలా విన్నదే.

ప్రభాకర్‌ది పుట్టుకతో వచ్చిన పిరికితనం కాదు. రుస్తాఖ్‌లో ఒక కట్టడం దగ్గర పరంజా మీద నడుస్తూ, కట్టి ఉందనుకున్న పలక మీద కాలు వేశాడు. అది కట్టి లేదు. తుంటి విరిగింది.

"కాలు ఎత్తినంక తెల్సింది సార్, ఇగ దాన్ని వాపస్ తీస్కొనుడు లేదని," అనేవాడు. "పడ్డది యాదికి లేదు. గా తెల్సిన ముచ్చటే యాదికుంది."

తుంటి అతికింది గానీ ఆ తర్వాత నిచ్చెన ఎక్కలేకపోయాడు. బల్బు మార్చాలన్నా ఇంకొకరు రావలసిందే. కంపెనీ అతన్ని ఇంటికి పంపేయబోతున్న రోజుల్లో ఈ ఆసుపత్రికి గోడలు, గచ్చులు చేసే పని వచ్చింది. సామాన్లకు కాపలాగా ప్రభాకర్‌ని కూర్చోబెట్టారు. పెట్టెల మీది ఇంగ్లిషు చదివి వేటికవి సర్దిపెట్టడం చూసి, ఆసుపత్రి పెట్టుకుంటున్న ఒమానీ డాక్టరమ్మ అతన్ని అడిగి తీసుకుంది. వీసా మార్పించింది. కంప్యూటర్ నేర్పించింది. ఆ కుర్చీ దొరికినందుకు ప్రభాకర్ సంతోషించాడు. అంతకంటే ఎక్కువ భయపడ్డాడు. ఇది పోతే మిగిలేది మళ్ళీ ఆ పరంజాయే.

ఒకనాడు కరెంటు పోయి వచ్చి ఆసుపత్రి కంప్యూటర్ కాలిపోయింది. రోగుల వివరాలు, పళ్ళ ఎక్స్‌రేలు సగమే బతికాయి. కొత్త ఏర్పాటు చేయడానికి జహీరుద్దీన్ వచ్చాడు. కంప్యూటర్లు అమ్మే మనిషి, హైదరాబాద్ పాతబస్తీ వాడు.

"ఇంక ఈ డబ్బాల ఏం ఉండది భాయ్. అంతా క్లౌడ్ల ఉంటది. మబ్బులంటే మబ్బులు కాదు, ఏదో ఒక ఊర్ల పెద్ద బిల్డింగ్. ఏ ఊరో నువ్వు చెప్పాలె, అంతే," అని, ఫోన్ మోగితే ఇంకో దుకాణానికి పరుగెత్తాడు. డాక్టరమ్మ లోపల ఎవరికో పన్ను పీకుతోంది. "నువ్వే చూడు ప్రభాకర్," అని అక్కడి నుంచే కేకేసింది.

తెర మీద ప్రశ్న వచ్చింది: మీ ఫైళ్ళు ఎక్కడ ఉంచాలి? కింద ఊళ్ళ పేర్లు. ఫ్రాంక్‌ఫర్ట్, సింగపూర్, ముంబై, హైదరాబాద్, మస్కట్. అన్నిటికంటే కింద ఎర్ర అక్షరాల్లో, ఒకసారి ఎంచుకున్నాక మార్చడం కుదరదని.

చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాడట. రుస్తాఖ్‌కు పోకముందు ప్రభాకర్ బర్కా దగ్గర ఖర్జూర తోటల పక్కన రూమ్‌లో ఉండేవాడు. తుఫానుకు వాదీ, అంటే ఎప్పుడూ ఎండిపోయి ఉండే వాగు, పొంగి రూమ్‌లోకి నీళ్ళొచ్చాయి. పెట్టెలు, బట్టలు, సర్టిఫికెట్లు అన్నీ బురదైపోయాయి. రూమ్‌లో అందరికంటే పెద్దవాడైన గంగన్న ఒక్కడికే ఏమీ పోలేదు. అతని దగ్గర పోవడానికి ఏమీ లేదు. బంగారం, పత్రాలు, మంచి చొక్కా కూడా, సెలవు మీద ఊరికి పోయే వాళ్ళ చేతికిచ్చి ఎప్పటికప్పుడు ఇంటికి పంపేసేవాడు. ఆ రూముల్లో అదే పద్ధతి. విలువైనదేదీ ఇక్కడ ఉంచుకోరు. ఒక్క సంచిలో పట్టేంత పెట్టుకుని మిగతాది ఇంటికి తోలేస్తారు.

డాక్టరమ్మ తనను నమ్మి అప్పజెప్పిన విలువైన సామాను ఇది. ప్రభాకర్ వేలు హైదరాబాద్ మీద పడింది.

ఆ సాయంత్రం ఫోన్లో భార్య యాదవ్వకు గొప్పగా చెప్పుకున్నాడు. "మా దవాఖాన ఫైళ్ళన్నీ మన హైదరాబాద్‌లనే పెట్టిన."

"ఏడ పెట్టినవయ్యా? మా అక్కోళ్ళ ఇంట్లనా? ఆళ్ళ ఇల్లే ఇరుకు," అందామె. నవ్వుకున్నారు. అతను నిశ్చింతగా నవ్విన చివరి రోజు అదే.

వారం తిరక్కముందే డాక్టరమ్మ చేతి తొడుగులతోనే బల్ల దగ్గరికి వచ్చింది. అందరితో మాట్లాడే హిందీలోనే అడిగింది. "ప్రభాకర్, మన ఫైళ్ళు మస్కట్‌లోనే ఉన్నాయి కదా?"

"మస్కట్‌లోనే మేడమ్."

అబద్ధం చెప్పాలని అనుకోలేదు. నోరు దానంతటదే అనేసింది. ఆమె ఊపిరి పీల్చుకుంది. రోగుల వివరాలు అనుమతి లేకుండా దేశం దాటించకూడదట, ఏదో ఆఫీసులో పనిచేసే తన అన్న నిన్ననే చెప్పాడట, దాటిస్తే ఆసుపత్రి మూయించినా మూయిస్తారట. "అల్‌హమ్దులిల్లాహ్," అని లోపలికి వెళ్ళిపోయింది. ఆమె దేవుడికి చెప్పుకున్న ఆ కృతజ్ఞత ప్రభాకర్ గుండెల్లో రాయిలా పడింది.

అక్కణ్ణించి అతనికి ప్రతిదీ దానికోసమే వచ్చినట్టు కనిపించింది. బయట కారు ఆగినా, తెల్లటి పొడుగు దిష్‌దాషా వేసుకున్న మనిషి లోపలికి తొంగిచూసినా కంప్యూటర్ తెర ఆర్పేసేవాడు. ఒకరోజు పోలీసు యూనిఫాంలో ఉన్న మనిషి తిన్నగా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఏమీ అనలేదు. ప్రభాకర్ లేవబోయి, లేవలేక, రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు, సంకెళ్ళకు చాపినట్టు. ఆ మనిషి తన బతాకా కార్డు తీసి ఆ చేతుల్లో పెట్టి, వాచిన చెంప చూపించాడు. పంటి నొప్పి. నోరు తెరవలేక మాట్లాడలేదు.

"నవ్వకండి సార్," అన్నాడు ప్రభాకర్ ఇది చెబుతూ. "నేను బాత్‌రూమ్ల వోయి కూసున్న."

శుక్రవారం రూమ్‌లో కోడికూర వండుతుంటే చెప్పేశాడు. ఇక్కడా అతని రూమ్‌లోనే ఉంటున్న గంగన్న గరిటె ఆపాడు. వాళ్ళలో చిన్నవాడు జితేందర్, నీళ్ళ ట్యాంకరు డ్రైవరు, ముందు నవ్వేశాడు.

"అరె అన్నా, ఒమానోళ్ళ పళ్ళన్ని మూటగట్టి హైదరాబాద్‌కు తోలినవా? కార్గోల ఎంత బరువు వచ్చిందే?"

"నీకు నవ్వులాట అయితుందిరా," అన్నాడు గంగన్న. "తమ్మీ, సైట్ల తప్పు జేస్తే జీతం గోస్తరు. గిది సర్కారు ముచ్చట. ఏర్‌పోర్ట్‌ల ఆపుతరు. మా పక్క రూమోడు గట్లనే టికెట్ చేతుల పట్టుకొని ఆడనే కూలవడ్డడు."

"మంచిగ ధైర్యం జెప్తున్నవ్ గంగన్నా," అన్నాడు జితేందర్. "అన్నా, ఖల్లీ వల్లీ, పోనియ్. ఎవ్వలకు తెలుస్తది? ఫైళ్ళు ఏ ఊర్ల ఉన్నయో మీద రాసి ఉంటదా?"

"గామెకు తెల్సినంక?" అన్నాడు ప్రభాకర్.

ప్రభాకర్ ముద్ద కలిపాడు గానీ నోట్లో పెట్టుకోలేదు.

మర్నాడు జహీరుద్దీన్‌కు ఫోన్ చేశాడు. ఊరు మార్చడం కుదరదు, అన్నాడతను. మస్కట్‌లో కొత్తది తెరిచి, అన్నీ అక్కడికి నకలు తీసి, హైదరాబాద్‌లో ఉన్నవి చెరిపేయాలి. ఏది చేయాలన్నా డాక్టరమ్మ ఫోన్‌కు వచ్చే కోడ్ కావాలి.

"అప్‌డేట్ అని చెప్పు భాయ్. ఆమె చూడది, అడగది. చాయ్ తాగినంత సేపట్ల కామ్ ఖతం. నీ కుర్సీ నీకే, ఆమె నీంద్ ఆమెకే."

ప్రభాకర్ అలాగే చేశాడు. ఆమె ఒక పిల్లకు పన్ను నింపుతూ, "అప్‌డేటా? జేబులో ఉంది, తీసి చూసుకో," అంది. ఏమిటని అడగలేదు. ఆ అడగకపోవడమే తనను ఎక్కువ భయపెట్టిందని ప్రభాకర్ నాతో అన్నాడు. ఫోన్ పట్టుకొచ్చి కోడ్ కొట్టాడు. మస్కట్ తెరుచుకుంది. ఫైళ్ళు ఒకటొకటిగా వచ్చి చేరడం మొదలైంది. మధ్యాహ్నానికి అన్నీ వచ్చాయి. కొన్ని తెరిచి చూశాడు. పళ్ళు తెల్లగా, దవడలు బూడిదరంగులో, ఎవరివి వారికే ఉన్నాయి.

చెరపడం మిగిలింది. రెండో కోడ్ కొట్టగానే తెర అడిగింది: చెరిపితే తిరిగి రావు, ఖాయమేనా?

ప్రభాకర్ వేలు లేవలేదు. ఒకవేళ ఏదైనా రాకుండా ఉండిపోయిందేమో. ఒకవేళ ఇప్పుడు వచ్చినట్టు కనిపించి రేపు తెరిస్తే లేకపోతేనో. కట్టి ఉందనుకునే కదా ఆ రోజు కాలు వేసింది. తుంటిలో పాత నొప్పి లేచింది. తెర అలాగే ఎదురుచూస్తోంది. పిల్లను తీసుకుని తల్లి వెళ్ళిపోయింది. ముఖానికి గుడ్డతోనే డాక్టరమ్మ బయటికి వచ్చింది.

"అయిందా అప్‌డేట్?"

"మేడమ్, అప్‌డేట్ కాదు," అన్నాడు. వచ్చిన హిందీలో, రాని చోట తెలుగులో, మొత్తం చెప్పేశాడు. మస్కట్‌లోనే అన్నది అబద్ధమనీ చెప్పాడు.

ఆమె అరవలేదు. రోగులు కూర్చునే బెంచీ మీద కూర్చుంది. ముఖం మీది గుడ్డ ముడి రెండుసార్లు పట్టు తప్పింది. మొండి పళ్ళను నిమిషంలో పీకే ఆ చేయి తడబడడం ప్రభాకర్ ఎప్పుడూ చూడలేదు. తనకు మాత్రమే ఉందనుకున్న భయం ఇంకొకరి ముఖంలో కనిపించేసరికి తనది రెట్టింపైంది.

"లైసెన్స్ నా పేరు మీద ఉంది. నీ మాట నమ్మి మా అన్నకు కూడా మస్కట్ అనే చెప్పాను," అంది. తర్వాత అడిగింది. "మస్కట్ కనిపించింది కదా. హైదరాబాద్ ఎందుకు?"

"విలువైనవి ఇంటికే పంపుతం మేడమ్. ఈడ ఉంచుకోం."

ఆమె తెర మీది రోగుల పేర్ల వైపు చేయి చూపించింది. "వీళ్ళ ఇల్లు ఇక్కడే ప్రభాకర్," అంది.

ఆ సంగతి అప్పటిదాకా తనకు తట్టనే లేదని ప్రభాకర్ నాతో అన్నాడు. నీళ్ళకు భయపడ్డాడు, కరెంటుకు భయపడ్డాడు. ఆ పళ్ళు ఎవరివో వాళ్ళంతా ఈ వీధుల్లోనే తిరుగుతున్నారని, వాళ్ళు పంపుకోవలసిన ఊరు వేరే లేదని అనుకోలేదు.

"చెరిపేయనా మేడమ్?"

"వద్దు. చెరిపాక చెబితే దాచినట్టు ఉంటుంది. ముందు చెబుదాం."

ఆమె అన్నను అడిగి ఇలాంటివి చూసే ఆఫీసు నంబరు తీసుకుంది. ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కింది. అవతల ఒక మగ గొంతు. ఆమె అరబీలో చెబుతూ పోయింది. ప్రభాకర్‌కు అందులో హైదరాబాద్ అన్న మాట ఒక్కటే స్పష్టంగా వినిపించింది. గొంతు ఏదో ప్రశ్న వేసింది. ఎవరు చేశారని అడుగుతున్నట్టు అర్థమైంది. ఆమె తన సొంత పేరే చెప్పింది, తండ్రి పేరుతో సహా.

ప్రభాకర్ బల్ల పట్టుకుని లేచాడు. సైట్‌లో నేర్చుకున్న ముక్కల అరబీ తప్ప అతనికి ఏమీ రాదు. ఫోన్ మీదికి వంగి, "అనా. అనా సవ్వీ," అన్నాడు. నేనే చేశాను అని.

డాక్టరమ్మ కళ్ళు మూసుకుంది. ఆ గొంతు మళ్ళీ మాట్లాడింది. కోపంగా ఉందో మామూలుగా ఉందో అతనికి తెలియలేదు. అక్కడివి చెరిపేయండి, చెరిపినట్టు రుజువు తీసుకుని ఇద్దరూ రండి, చూస్తాం. అంతే అన్నాడని ఆమె చెప్పింది.

"చూస్తం అంటే ఏంది మేడమ్?"

"చూస్తామంటే చూస్తామనే. నాకూ తెలియదు. నొక్కు."

ఎడమ చేత్తో బల్ల అంచు గట్టిగా పట్టుకుని నొక్కాడు. ఏమీ కూలలేదు. తెర మీద హైదరాబాద్ పక్కన ఖాళీ కనిపించింది.

ఆఫీసుకు వెళ్ళే రోజు గంగన్న తన మంచి చొక్కా ఇద్దామని చూశాడు, అది ఊళ్ళో ఉంది. జితేందరే ఇచ్చాడు. "పొట్ట లోపటికి వట్టుకో అన్నా, గుండీ ఊడితె ఇంకో కేసు," అన్నాడు. ఆఫీసులో డాక్టరమ్మ ఒక్కతినే లోపలికి పిలిచారు. ప్రభాకర్ బయట చల్లటి వరండాలో కూర్చుని, తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచాడు. చివరికి ఆమె వచ్చింది. మందలించి వదిలారు. మళ్ళీ జరిగితే మందలింపుతో పోదని చెప్పారు. ఆమె అతని వైపు చూడకుండా కారు దాకా నడిచి, తలుపు తీసి, "ఎక్కు. మూడున్నరకు పేషెంట్ ఉన్నాడు," అంది.

కుర్చీ నిలిచింది. భయం పోలేదు. నేను చివరిసారి వెళ్ళినప్పుడు, డాక్టరమ్మ నా నోట్లో కొత్త పళ్ళు పెట్టి పట్టుకుని ఉంది. బయటి గదిలోంచి ప్రభాకర్ గొంతు.

"మేడమ్, ఒక్కసారి రండి. ఏందో అడుగుతాంది."

"ఏమడుగుతోంది?"

"ఖాయమేనా అంటుంది మేడమ్."

ఆమె నా దవడ వదిలి, నోరు తెరిచి ఉంచమని సైగ చేసి వెళ్ళింది. నేను కప్పు వైపు చూస్తూ నోరు తెరుచుకుని పడుకున్నాను. ఆమె తెర మీదిది మెల్లగా పైకి చదవడం వినిపించింది. చదవడం అయ్యాక అంది.

"చదివాను. నొక్కు."