నా చల్లటి మూలలో రెండు బ్యాటరీలు

మొన్న మా మనుమడి ఇంట్లో పాత ఇన్వర్టర్ బ్యాటరీ తీసి కొత్తది పెట్టారు. పాతదాన్ని ఇద్దరు మనుషులు ఒరగేసి ఎత్తగానే గదంతా పుల్లటి, ముక్కులో గుచ్చే వాసన నిండింది. అందరూ కొంగులూ తువ్వాళ్ళూ అడ్డం పెట్టుకున్నారు. నాకు మాత్రం ఎనభై ఏళ్ళ కిందటి కడుపుమంట మళ్ళీ రగిలింది. అది మా నాయన వాసన. ఆసిడ్ చుక్కలు పడి జల్లెడైన ఆయన పంచె చిల్లుల్లో, గోళ్ళ సందుల్లో, ఆయన తుంచి పెట్టిన జొన్నరొట్టె ముక్కలో కూడా ఉండిన వాసన.

పెద్దమందడి దగ్గరి మా ఊరి దొరకు చెరువులో తిరగడానికి ఒక చిన్న పడవ ఉండేది. నూనె మోటారు పెడితే ఆ చప్పుడుకు బాతులు లేచిపోతాయని, చేపలు అడుక్కు దిగుతాయని, చప్పుడు చెయ్యని కరెంటు మోటారును బొంబాయి నుంచి తెప్పించాడు. ఊళ్ళో బుడ్డిదీపంలోకి నూనె దొరకని రోజుల్లో దొరగారి పడవకు కరెంటు! దాన్ని నడిపేవి రెండు నల్లటి బరువైన బ్యాటరీలు, వాటిని మేపేవాడు మా నాయన. బంగళా వెనుక రేకుల షెడ్డులో దీపాల కోసం తిరిగే ఇంజను ఆయన చేతికింద ఉండేది కనుక ఈ పనీ ఆయన మెడకే చుట్టుకుంది. షెడ్డు వేడికి బ్యాటరీలు పాడవుతాయని, ఛార్జి చేశాక వాటిని కావడికి చెరో పక్క కట్టి మా ఇంటికి మోసుకొచ్చి, జొన్నల గుమ్మి పక్కన ఎర్రమట్టి అలికిన చల్లటి మూలలో చెక్కపీట మీద కూర్చోబెట్టేవాడు.

ఆ మూల నాది. అంతకు ముందు ఎండాకాలం మధ్యాహ్నాలు చిర్రగోనె ఆడి వచ్చి, ఒళ్ళంతా దుమ్ముతో ఆ మట్టినేల మీద పొట్ట ఆనించి పడుకుంటే, గుమ్మిలోంచి పాత జొన్నల వాసన, తలాపున ఈగల జుమ్ము, ఒంట్లోకి పాకే చల్లదనం... ఏ రాజుకు ఉంది ఆ సుఖం? ఆ బ్యాటరీలు వచ్చాక నా చాప వాకిట్లోకి, ఇనుము కాగినట్టు కాగే బండల మీదికి పోయింది. మా అమ్మ వాటికి పేరు పెట్టింది: సవతులు. ఆమెకు సవతులైతే నాకు ఏమౌతాయో నేను తేల్చుకోలేకపోయాను. నాయన కడుపున పుట్టకుండానే నా భాగం తింటున్న అన్నదమ్ములని మాత్రం అనుకునేవాణ్ణి.

వాటికి జరిగిన మర్యాద ఏ బిడ్డకు జరిగింది? పడవ ఒడ్డుకు రాగానే, తాను కడుపుకు తినకముందే, నాయన వాటిని షెడ్డుకు మోసేవాడు. ఎక్కించిన కరెంటును సగానికి మించి వాడనిచ్చేవాడు కాదు. ఆకలి మీద పడుకోబెడితే లోపలి సీసం పలకలు గట్టిపడి చస్తాయనేవాడు. మూతలు విప్పి, మెల్లగా కరెంటు ఎక్కిస్తూ, అన్నం ఉడుకు పట్టేముందు వచ్చేటటువంటి బుడగల కోసం వంగి చూసేవాడు. గాజు పిచికారీతో లోపలి నీరు పీల్చి, ఎంత ఛార్జి ఎక్కిందో తెలియడానికి, అందులోని చిన్న గాజుబుడ్డి ఎంత పైకి తేలిందో వెలుతురుకు పట్టి చూసేవాడు. ఇక మాటిమాటికీ మణికట్టు వెనుక భాగం బ్యాటరీ పక్కకు ఆనించి వేడి చూసేవాడు. ఆ మణికట్టు నా నుదుటి మీద ఎన్నడైనా ఆనిందా? తీగలు బిగించే చోట తుప్పు పట్టకుండా వాసెలిన్ రాస్తుంటే, పగిలిన మడమలు చూపించి అడిగాను.

“నాయినా, జర నాకు గూడ పెట్టు.”

“నీ కాళ్ళేమన్న కరెంటు మోస్తయారా?” అన్నాడు.

అసలు మంట నీళ్ళ దగ్గర. మా బావి నీళ్ళు చవుటివి. పప్పు ఉడకదు, దాహం తీరదు. బ్యాటరీలకు మాత్రం వాననీళ్ళే కావాలి, అదీ ఇంటికప్పు తగలని, ఇత్తడి తగలని వాననీళ్ళు. వాన పట్టుకోగానే అమ్మ నాలుగు కర్రలకు ఉతికిన తెల్లగుడ్డ కట్టి, నడుమ గులకరాయి వేసి, కింద జాడీ పెట్టేది. మేము చూరుకింద దోసిళ్ళు పట్టి మట్టినీళ్ళు తాగేవాళ్ళం. జాడీకి మూత, మూతకు గుడ్డ, గుడ్డకు ముడి.

ఆ ఏడు శివరాత్రి నాటికి వానలు పోయి నెలలైంది, జాడీ అడుగున కొన్నే మిగిలాయి. ఉపవాసం వాళ్ళకోసం కందగడ్డలు ఉడుకుతున్న వాసన ఇల్లంతా తిరుగుతోంది. దొర ఇంటికి చుట్టాలు వచ్చారు, సాయంత్రం పడవ షికారు. నేను చలిజ్వరంతో మూలుగుతూ ఒకటే పాట పట్టాను.

“నాకు జాడీ నీళ్ళు గావాలె.”

“గవి నా సవతులయి బిడ్డా, ముడితే మీ నాయిన ఊకోడు” అంది అమ్మ, ఆయన వినేలా.

బ్యాటరీలకు పోయడానికి జాడీ కోసం వంగిన నాయన నా దగ్గరికి వచ్చాడు. మణికట్టు తిప్పి నా నుదుటికి ఆనించాడు. “ఇంజను లెక్క కాగుతుండు గదనే!” అని, జాడీని లోటాలోకి పూర్తిగా వంపేశాడు.

“దొరకేం జెప్తవ్?” అంది అమ్మ.

“నీళ్ళు లేవని అంట. ఉన్నదే జెప్త.”

ఆ నీళ్ళకు రుచీ పచీ లేదు, గుడ్డవాసన. అయినా మూలనున్న ఆ రెండింటినీ చూస్తూ, గుటక గుటకకూ చప్పుడు చేస్తూ తాగాను.

పడవ వద్దని నాయన చెబితే దొరగారి లెక్కలు రాసే ముంషీ నవ్వాడట. “నీళ్ళల్ల గూడ దొర నీళ్ళు, కూలి నీళ్ళు ఉంటయారా? బావిల తోడి పొయ్యి!” నాయనకు చెయ్యి రాలేదు, ముంషీయే మనిషిని పెట్టి పోయించాడు. ఆ సాయంత్రం పడవ బాగానే తిరిగింది. తరువాత మాత్రం ఆ చవుటినీళ్ళు తాగిన బ్యాటరీలు ఎంత ఎక్కించినా కరెంటు పట్టుకోలేదు. ఒకనాడు దొర నడి చెరువులో ఆగిపోయి, బెస్తవాళ్ళ పుట్టికి తాడు కట్టించుకుని ఒడ్డుకు చేరాడు. పోయించినవాడు ముంషీ, పని పోయింది మా నాయనకు! ఇదీ ఆనాటి న్యాయం. బ్యాటరీలు పగలగొట్టి, సీసం కరిగించి వలలకు గుండ్లు పోశారు. నాయన అక్కడికి వెళ్ళి, అది కరగడం చివరిదాకా చూసి వచ్చాడు.

నా మూల నాకు తిరిగి వచ్చింది. మొదటి మధ్యాహ్నం అక్కడ కళ్ళు మూసుకుని పడుకుని ఉండగా నాయన వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. మణికట్టు నా పక్కటెముకలకు ఆనించి, చాలాసేపు అలాగే ఉంచాడు. నాకప్పుడు జ్వరం లేదు. ఆ చెయ్యి నన్ను చూసిందా, నా జాగాలో ఉండిన వాటిని చూసిందా? అడగలేదు. ఇప్పుడు పడవ లేదు, బంగళా లేదు, గుమ్మి లేదు, అడగడానికి ఆయనా లేడు.

కొత్త బ్యాటరీకి మూతలే లేవు. నీళ్ళు అడగదట, ఆకుపచ్చ దీపం వెలిగి తన ఆరోగ్యం తానే చెబుతుందట. నేను వంగి మణికట్టు ఆనించబోతే మనుమడు కేకేశాడు.

“తాతా, దాన్ని ముట్టకు! గదే సూసుకుంటది.”

అయినా ఆనించాను. చల్లగా ఉంది. దీన్ని చూసి కుళ్ళుకునే పని ఏ పిల్లవాడికీ లేదు.