లేవలేదని చెప్పాను

ఆరేళ్ళుగా ఒక అబద్ధం నా గొంతులో కూర్చుని ఉంది. అన్నం తినేటప్పుడు, గుడిలో పాట పాడేటప్పుడు, మా అక్క టీ చేతికిచ్చేటప్పుడు అది కదులుతుంది. మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కూడా తెలియదు. నా పేరు మీకెందుకు? బీదర్‌లో ట్రాక్టర్ సామాన్ల దుకాణం నడుపుకునే, యాభై దాటిన మనిషిని. అంతవరకు తెలిస్తే చాలు.

మా బావ గురించి చెప్పాలి. అక్క భర్త. ఆయనది కళ్ళద్దాల దుకాణం. నెమ్మదైన మనిషి. ఆయన స్కూటర్ మీద పోతుంటే సైకిళ్ళు దాటిపోయేవి. మా కుటుంబంలో బండి అంటే నేనే. ఇరవై ఏళ్ళప్పుడు ఔరాద్ రోడ్డు మీద నేను పోయిన వేగం గురించి పెళ్ళిళ్ళలో ఇప్పటికీ ఎవరో ఒకరు మాటెత్తుతారు. ఎత్తకపోతే నేనే ఎత్తేవాణ్ణి.

యాభై నిండిన ఏడాది బావ పెద్ద మోటార్‌సైకిల్ ఒకటి కొన్నాడు. అందరూ నవ్వారు. బీపీ మాత్రలు మింగుతూ ఈ వయసులో ఇదేం పిచ్చి అంది అక్క. ఆయన నేర్పమని నా దగ్గరికే వచ్చాడు. గేరు ఎప్పుడు మార్చాలో, మలుపులో ఒళ్ళు ఎంత వాల్చాలో, చూపు ఎక్కడ పెట్టాలో నేనే నేర్పాను. నేర్పుతున్నన్నాళ్ళు ఎంత ప్రేమ ఆయన మీద! తనకంటే తక్కువవాడికి నేర్పడం ఎవరికి చేదు?

నేనూ అలాంటిదే ఒక బండి తీసుకున్నాను. ఆదివారం పొద్దున గుడిలో, అంటే మా చర్చిలో, ఆరాధనకు ముందు ఇద్దరం చింతకి ఊరి దాకా పోయి వచ్చేవాళ్ళం.

ఆ వేగం ఎలా ఉంటుందో ఎక్కినవాళ్ళకే తెలుస్తుంది. నూరు దాటాక గాలి ఛాతీ మీద చెయ్యి పెట్టి వెనక్కి నెడుతుంది. నూట ఇరవైలో పక్కన కంది చేలన్నీ ఒకటే పచ్చ గీత. అక్కడ వయసు ఉండదు. మోకాలి నొప్పి ఉండదు, దుకాణం ఉండదు, పిల్లల చదువుల చింత ఉండదు. మధ్యవయసు మనిషికి అదెంత పెద్ద వరమో! కానీ నూట ముప్పై దగ్గర నా చెయ్యి దానంతటదే యాక్సిలరేటర్ వదిలేసేది. నేను వదలాలనుకోను. చెయ్యి వదిలేది. బావ చెయ్యి వదలదు. నూట అరవై. ఒక్కోసారి ఇంకా పైకి. నాకు ముందు ఆయన వీపు కనబడేది, తర్వాత ఒక చుక్క, తర్వాత ఖాళీ రోడ్డు.

"ఆ స్పీడుల ఏం ఇనబడదురా," అని ఒకసారి చెప్పాడు. "లోపల మస్తు నిమ్మళముంటది. ప్రార్థన చేసినట్టే."

నాకు లోపల ఎప్పుడూ భయమే. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం తినలేకపోయాను. కోపమా? కాదు. ఇన్నేళ్ళు నాదనుకున్నది ఎన్నడూ నాది కాదని, ఏ కష్టమూ లేకుండా అది ఆయనదైందని తెలిసింది. ఆయనకు గర్వం కూడా లేదు. ఉంటే బాగుండేది. తిట్టుకోవడానికి ఏదైనా దొరికేది.

ఒక ఆదివారం చింతకికి కొంచెం ఇవతల జొన్న చొప్ప కట్టుకుని సైకిల్ మీద ఒక ముసలాయన పోతున్నాడు. బావ ఆయన పక్కనుంచి దూసుకుపోయాడు. తగలలేదు. మధ్యలో ఒక ఎద్దుబండి పట్టేంత జాగా ఉంది. ఆ చప్పుడుకు బెదిరి ముసలాయన సైకిల్‌తో సహా కాలవలో పడ్డాడు. వెనక వస్తున్న నేను ఆగి లేపాను. మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. కన్నడంలో నాలుగు బూతులు తిట్టి, చొప్ప మళ్ళీ కట్టుకుని, సైకిల్ ఎక్కి వెళ్ళిపోయాడు.

ముందు హోటల్ దగ్గర బావ నా కోసం చూస్తున్నాడు. హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆ ముఖం నేను మరచిపోలేను. చెమట, నెరిసిన జుట్టు, దాని కింద పదేళ్ళ పిల్లాడి వెలుగు. ముసలాయన బెదిరి పడ్డాడు, జరంత నెమ్మదిగా పోవాలి బావా అని చెప్పడానికే నోరు తెరిచాను. దేవుడి తోడు, అదే చెప్పబోయాను. ఆ ముఖం చూశాక మాట మారింది.

"ఏమైందిరా, ఇంతసేపు?"

"సైకిల్ మీద ముసలాయన... నువ్వు కొట్టినవ్ బావా."

"నేనా? నాకు ఎవరూ తాకలే గదరా!"

"ఆ స్పీడుల నీకెట్ల ఎరికయితది?"

ఆయన ముఖం తెల్లబోయింది. "లేసిండా?"

నేను ఆయన కళ్ళలోకి చూశాను. "లేవలే."

"పా, పోదాం. దవాఖానకు తీస్కపోదాం," అని బండి వైపు పరుగెత్తాడు.

తాళం చెవి నేను లాక్కున్నాను. "జనం జమైన్రు. పోతే సంపుతరు. అక్కను యాదికి తెచ్చుకో."

ఆయనను పారిపోయినవాడిగా కూడా నేనే చేశాను.

రెండు రోజుల తర్వాత ముసలాయన చనిపోయాడని చెప్పాను. ఎందుకు? ఒక అబద్ధం చాలలేదా? గాయమంటే చూడటానికి వెళ్తాడని భయపడ్డాను. పేరేమిటని అడిగితే శరణప్ప అన్నాను. నోటికి వచ్చిన పేరు.

బావ మళ్ళీ బండి ముట్టలేదు. నాకు కనబడకుండా నువ్వే ఉంచుకో అని దాన్ని నాకే ఇచ్చేశాడు. తీసుకున్నాను. చూడండి, అది కూడా తీసుకున్నాను. దాని మీద అదే రోడ్డున పోయాను. నూట ముప్పై దగ్గర చెయ్యి వదిలేసింది.

గుడిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్ల దగ్గరికి ఆయన రావడం మానేశాడు. నేను యోగ్యుణ్ణి కాను అనేవాడు. ఆయన వెనక బెంచీలో తల వంచుకుని కూర్చుంటే నేను ముందుకు వెళ్ళి రొట్టె తీసుకునేవాణ్ణి. మీ బావ నిద్రలో ఎవరో శరణప్ప కోసం ఏడుస్తున్నాడురా, ఆయన ఎవరు అని అక్క నన్నే అడిగింది. తెలియదన్నాను.

మొన్న ఆరాధన అయ్యాక బావ నా భుజం పట్టుకున్నాడు. "శరణప్ప ఇంటికి పోదాంరా. నీకే ఎరికగద. ఆళ్ళ కాళ్ళ మీద పడ్త. జైలుకన్న పోత." ఆ ఇల్లు లేదు. కాబట్టి చెప్పాను. పశ్చాత్తాపంతో చెప్పానా, దారి మూసుకుపోయి చెప్పానా? రెండోదే అనుకుంటాను. దాన్ని అందంగా చెప్పుకునే హక్కు నాకు లేదు.

నా దుకాణంలో కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. ఆయన అడిగిన మొదటి మాట ఇది: "అంటే, ఆయన లేసిండా?"

"లేసిండు. నిన్ను తిట్టుకుంట పోయిండు."

రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. ఏడుస్తూనే నవ్వాడు. "లేసిండు, లేసిండు" అని తనలో తాను అనుకున్నాడు. పోయిన ఆరేళ్ళు ఆయనకు గుర్తు రాలేదు. నేను గుర్తు రాలేదు. ఎన్నడూ ముఖం చూడని ఒక మనిషి బతికి లేచాడన్న సంతోషమే ఆయనకు నిండిపోయింది.

తర్వాత తల ఎత్తాడు. "ఎందుకురా?"

"నీ లెక్క నడపరాక."

నన్నే చూశాడు. లేచి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఇప్పటిదాకా మాట లేదు. అక్కకు చెప్పాడో లేదో తెలియదు. క్షమించమని నేను అడగలేదు. అడిగితే ఆయన క్షమిస్తాడేమోనని భయం.

అసూయ పోయిందా అంటే, లేదు. ఇంకొకరు బతికినందుకు అంతగా పొంగిపోయిన ఆ గుండె మీద ఇప్పుడు ఇంకా ఎక్కువ అసూయ. కాకపోతే ఇదివరకు దాన్ని ప్రేమ అనేవాణ్ణి, జాగ్రత్త అనేవాణ్ణి, ఆయన మంచి కోసమే అనేవాణ్ణి. ఇవాళ దాని పేరుతోనే పిలిచాను. ముసలాయన లేచాడు. నేను లేవలేదని చెప్పాను. రాశాక గొంతు కొంచెం తేలికైంది.