మామ సర్దిన డబ్బాలు

నేను ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి కాపురానికి వచ్చేటప్పటికే మా మామ రైల్వే పార్సిలాఫీసులో రిటైరై ఇంట్లో ఉంటున్నారు. సర్దే అలవాటు మాత్రం ఆయన్ను వదల్లేదు. వారానికోసారి వంటింట్లో దూరి, తిరగవాత దినుసుల డబ్బాలన్నీ దించి, తుడిచి, కొత్త వరసలో పెట్టేవారు. ఒకసారి అక్షరక్రమం, ఇంకోసారి డబ్బా ఎత్తు. పొయ్యి మీద నూనె మాడిపోతుంటే నేను జీలకర్ర కోసం గూడంతా తడుముకునేదాన్ని. అడిగితే, "ఇప్పుడే గదమ్మా సక్కగ పెట్టినా!" అనేవారు.

ఒకరోజు కోసిగి నుంచి చుట్టాలొచ్చారు. నూనె కాగుతోంది, ఆవాలు కనబడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. గరిటె ఆయన చేతిలో పెట్టి, "ఈ పొద్దు తిరగవాత మీరే ఎయ్యండి మామా" అని పక్కకు జరిగాను.

ఆయన ఒక్కో డబ్బా మూత తీసి చూశారు. ధనియాలు, మెంతులు, మిరియాలు. బాణలి పొగలు కక్కింది. చివరికి నా వైపు తిరిగి, "నా డబ్బాలు ఎవరు కదిలించినారమ్మా?" అని కోప్పడ్డారు.

నేను బాణలి దించేసి, తిరగవాత లేని పప్పే వడ్డించాను. చుట్టాలు మర్యాదకు నోరెత్తలేదు. ఆయన మాత్రం రెండో ముద్దకే తలెత్తి, "పప్పులో ఆవాలు తక్కువైనట్టుండాయే?" అన్నారు.