పుస్తకం పక్కన బీడీల చాట

మా ఎదురింటి అత్త పోయిన సంగతి బుధవారం పొద్దున పదకొండు గంటలకు తెలిసింది. జగిత్యాల ఆసుపత్రి నుంచి ఆమె కోడలు ఫోన్ చేసి, "అక్కా, అత్తమ్మ పోయింది" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. పొయ్యి ఆపి అక్కడే నిలబడ్డాను. నాకు ముందు ఏడుపు రాలేదు. ఇంకో ఇరవై ఆరు రోజుల్లో నా బిడ్డకు పరీక్షలు, ఇక దాని పక్కన ఎవరు కూర్చుంటారు అన్న ఆలోచన వచ్చింది. అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాను కానీ, ఆమె మాకు ఎంత కావలసిన మనిషో చెప్పాలంటే దాన్ని దాచలేను.

అత్త మాకు చుట్టం కాదు. కోరుట్లలో మా గల్లీలో ఎదురిల్లు, అంతే. నలభై ఏళ్లు బీడీలు చేసింది. సంతకం తప్ప చదువు లేదు.

నా బిడ్డ రోజూ బస్సులో జగిత్యాలకు పోయి డిగ్రీ చదువుతుంది. తెలివి తక్కువేం కాదు. కానీ పుస్తకం తెరిచిన పది నిమిషాలకు దాని మనసు ఎక్కడో ఉంటుంది. బస్ పాస్ మూడుసార్లు పోగొట్టింది. ఒకసారి హాల్ టికెట్ ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనక దొరికింది. రేపు ఇవ్వాల్సిన రికార్డు, వచ్చే నెల ఇవ్వాల్సినది, రెండూ దానికి ఒకే దూరంలో కనిపించేవి. నేను స్కేలు పెట్టి, నాలుగు రంగుల పెన్నులతో టైం టేబుల్ గీసి గోడకు అంటించాను. నాలుగు రోజులు నడిచింది. మళ్లీ గీశాను. మళ్లీ నాలుగు రోజులే. బద్ధకం అన్నాను, పొగరు అన్నాను. రెండో సంవత్సరం అయ్యేసరికి నాలుగు పేపర్లు మిగిలిపోయాయి. అప్పుడు అది గోడకు ఆనుకుని మెల్లగా అంది: "నేను సదువు ఇడిసిపెడ్తనే అమ్మా. నా తలకాయలనే ఏదో తక్కువున్నది."

గల్లీ వెడల్పు ఎనిమిది అడుగులు. మా ఇంట్లో మాట ఎదురింటి అరుగు మీదికి వినపడకుండా ఉండదు. మరునాడు మధ్యాహ్నం నా బిడ్డ పుస్తకం పట్టుకుని వాకిట్లో అటూ ఇటూ తిరుగుతుంటే, అరుగు మీద నలుగురు ఆడవాళ్లతో కూర్చున్న అత్త పిలిచింది.

"ఏం బిడ్డా, గా పుస్తకానికి గస్తీ తిరుగుతున్నవా? ఇటు రా, గీడ కూసో. నువ్వు సదువుకో, నేను బీడీలు చేసుకుంట. నాకేం చెప్పకు, నేనేం అడగ."

గంట గడిచినా అది తిరిగి రాలేదు. బీడీలు చేయిస్తున్నారేమోనని నాకు కోపం వచ్చింది. అడుగుదామని గల్లీ దాటాను. నా బిడ్డ గోడకు ఆనుకుని చదువుతోంది. చుట్టూ తునికాకు కత్తిరించే కత్తెరల చప్పుడు. ఇరవై రెండు పేజీలు అయిపోయాయి. నేను నోరు తెరవబోతే అత్త చేత్తోనే ఆగమంది. తర్వాత పక్కకు పిలిచి, తనకు తెలిసిన పనిని చెప్పినట్టే చెప్పింది.

"ఒక్కదాన్నే ఇంట్ల కూసుంటే పొద్దుగూకినా నాకు ఐదువందల బీడీలు దాటయి. నలుగురిల కూసుంటే చెయ్యి దానంతటదే నడుస్తది. గందుకే గదా మేమంత ఒక్కతాన చేరేది. గది బద్ధకమైతే, గల్లీల ఆడోళ్లందరం బద్ధకపోళ్లమే."

ఇరవై ఏళ్లుగా ఆ ఆడవాళ్లు అక్కడ చేరడం చూస్తున్నాను. ముచ్చట్ల కోసం అనుకున్నాను.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం అదే చోటు. అత్త పద్ధతి ఒక్కొక్కటే నాకు అర్థమవుతూ వచ్చింది. రోజుకు సరిపడే ఆకునంతా ఆమె ఎప్పుడూ ముందర పెట్టుకోదు. చాటలో పట్టినంతే తీసి, మిగతా మూట వీపు వెనక ఉంచుకుంటుంది. గుట్ట కళ్ల ముందుంటే చెయ్యి ఆగిపోతుందట. నా బిడ్డ లావు పుస్తకం చూసి, ఆ రోజు చదవాల్సిన పాఠం ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అని అడిగి, ముందు పేజీలు, వెనక పేజీలు వేరువేరుగా బీడీల దారంతో కట్టేసింది. ఇక తెరిస్తే ఆ పాఠమే తెరుచుకుంటుంది. నా నాలుగు రంగులు చేయలేని పని మూరెడు దారం చేసింది.

పిల్ల ధ్యాస తప్పితే అత్త ఏమీ అనేది కాదు. తన కత్తెర ఆపేది. ఆ చప్పుడు ఆగగానే పిల్ల ఉలిక్కిపడి పేజీలోకి వచ్చేది. కత్తెర మళ్లీ నడిచేది.

ఒక్క విషయంలో నేను ఆమెను తప్పుగా అనుకున్నాను. అరగంటకోసారి "నీళ్లు తేపో బిడ్డా" అని నా కూతుర్ని లేపేది. పని చెప్పుకుంటోందని లోపల గొణుక్కునేదాన్ని. ఒకరోజు చూస్తే, నా బిడ్డ నీళ్లిచ్చి మళ్లీ పుస్తకంలో పడగానే ఆ చెంబెడు నీళ్లూ కరివేపాకు మొక్కకు పోసింది. ఆమెకు దాహం లేదు. పిల్ల మోకాళ్లు ఊగడం మొదలైందని ముందే చూసింది, లేచి తిరిగే వీలు ఇచ్చింది. కన్నదాన్ని, నాకు ఆ మోకాళ్లు ఇరవై ఏళ్లలో కనపడలేదు.

కాలేజీలో ఒక మేడమ్ చెప్పగా మేం కరీంనగర్‌లో డాక్టరుకు చూపించాం. ఆయన చాలాసేపు అడిగి, దీన్ని ఏడీహెచ్‌డీ అంటారన్నారు. ధ్యాస లేక కాదు, ధ్యాసను కావలసిన చోట నిలపడం ఆ మెదడుకు కష్టమట. చిన్నప్పటి నుంచీ ఉన్నదే, బద్ధకం కాదు. మందు రాశారు. పనిని చిన్న ముక్కలు చేయమన్నారు, మధ్యలో లేచి తిరగనివ్వమన్నారు, చదివేటప్పుడు పక్కన ఎవరైనా తమ పని తాము చేసుకుంటూ కూర్చుంటే మంచిదన్నారు. ఆ మూడూ అత్త అరుగు మీద జరుగుతున్నవే. వచ్చి అత్తకు చెబితే నవ్వింది.

"గా డాక్టరు గూడ బీడీలు చేసిండా ఏంది?"

మందు సంగతి గల్లీలో తెలిసి ఒకావిడ, పిచ్చికి వాడే గోళీలా అని అడిగింది. అత్త తల ఎత్తకుండానే జవాబిచ్చింది. "అద్దాలు లేకుంటే నాకు ఆకు కనవడది. మరి నన్ను గుడ్డిదంటవా?" ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

మందు పని మందు చేసింది, అరుగు పని అరుగు చేసింది. ఏడాదిలో రెండు పేపర్లు పాసయ్యాయి. ఇంకా రెండున్నాయి.

అత్త పోయాక ఆ ఆడవాళ్లు మరో గల్లీలో ఎవరింటి ముందో చేరుతున్నారు. నా బిడ్డ పదకొండు రోజులు పుస్తకం ముట్టలేదు. పన్నెండో రోజు నేనే గోంగూర ముందేసుకుని పక్కన కూర్చున్నాను. ఆకు తుంచుతూనే ఉన్నాను కానీ కళ్లు పేజీ నంబరు మీదే. కాసేపటికి అది పుస్తకం మూసింది. "అమ్మా, నువ్వు కూసుంటలేవు, కాపలా కాస్తున్నవ్" అంది. కోపంగా కూడా అనలేదు. అత్త ఏం చేసిందో నాకు మొత్తం తెలుసు, రాసి కూడా పెట్టుకోగలను. చేయడం నాకు రాలేదు.

మొన్న మధ్యాహ్నం దాని గది తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల ఫోన్‌లోంచి ఏదో చప్పుడు. పరీక్షల ముందు ఫోనా అని తిట్టడానికి తలుపు తోశాను. ఫోన్ గిన్నెకు ఆనించి నిలబెట్టి ఉంది. అందులో, దానితో చదివే సిరిసిల్ల అమ్మాయి. ఆ పిల్లకూ మూడు పేపర్లు మిగిలాయని ఎప్పుడో విన్నాను. ఇద్దరూ ఒక్క మాట కూడా మాట్లాడుకోవడం లేదు. సిరిసిల్లలో వాళ్ల ఇంటి వెనక సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుస్తున్నాయి, నేను విన్నది ఆ చప్పుడే. ఆ పిల్ల తల వంచుకుని రాసుకుంటోంది. ఇక్కడ నా బిడ్డ తల వంచుకుని చదువుతోంది. కాసేపటికి ఆ పిల్ల తల ఎత్తి కిటికీలోకి చూస్తూ ఉండిపోయింది. నా బిడ్డ పెన్నుతో ఫోన్ పక్కన బల్ల మీద ఒకసారి తట్టింది. ఆ పిల్ల మళ్లీ కాగితంలోకి వంగింది.

నేను తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, బయట గడప మీద కూర్చున్నాను. లోపల పేజీ తిరిగింది. సాంచాలు ఆగకుండా నడుస్తూనే ఉన్నాయి.