పేరాలో లేనివాళ్ళు

బ్యాంకు క్లర్కు పరీక్షలో మొదటిసారి నేను పోయింది లెక్కల్లో కాదు, ఇంగ్లీషులో. అందులోనూ పేరా చదివి జవాబులు గుర్తించే భాగంలో. ఫలానా వాక్యంలో ‘దే’ అంటే ఎవరు, ‘హి’ అంటే ఎవరు అని అడుగుతారు చూడండి, ఆ ప్రశ్నలే నన్ను ముంచాయి. రెండోసారి రాయడానికి నరసరావుపేటలో కోచింగులో చేరి హాస్టల్లో ఉన్నాను. ఈసారి కూడా పోతే ఇంట్లో మళ్ళీ ఆ మాటెత్తే పని లేదని నాకు తెలుసు.

ఇంగ్లీషు చెప్పే మేడమ్‌ది నాగార్జునసాగర్ డ్యామ్ పక్కన విజయపురి సౌత్. వాళ్ళ నాన్న ఇరిగేషన్‌లో పనిచేస్తే ఆమె క్వార్టర్స్‌లో పెరిగిందట. ఇదంతా ఆమె చెప్పలేదు, నేనే కూపీ లాగాను. మా ఊళ్ళో కొత్త మనిషి కనబడితే ముందు ఎవరి తాలూకో తెలుసుకుంటారు, ఆ తర్వాతే కుర్చీ వేస్తారు. క్వార్టర్స్ వాళ్ళు ఎవరి తాలూకూ కాదని తేలాక ఆమె మీద నా అనుమానం ఇంకాస్త పెరిగింది. ఎవరి తాలూకూ కాకుండా మనుషులు ఉంటారా?

మొదటి వారంలో ఆమె ఇచ్చిన పేరా ఇంకా గుర్తుంది. కాలువ చూడటానికి ఇంజనీర్లు ఒక ఊరికి వచ్చారు. రైతులు వాళ్ళకి మజ్జిగ ఇచ్చారు, ఎందుకంటే వాళ్ళు ఎండలో చాలా దూరం నడిచి వచ్చారు. నడిచిందెవరు? ఇంజనీర్లా, రైతులా, కూలీలా, వీళ్ళెవరూ కాదా? క్లాసంతా ఇంజనీర్లని పెట్టింది. నేను ‘వీళ్ళెవరూ కాదు’ అని పెట్టాను.

“ఇదెట్టా పెట్టావమ్మా?” అంది మేడమ్.

“ఇంజనీర్లు జీపుల్లో వస్తారు గదా మేడమ్. నడిచినోళ్ళు వేరే ఎవరో ఉన్నారు. పేరు చెప్పకుండా దాస్తన్నాడు ఈ రాసినోడు.”

క్లాసు గొల్లుమంది. నాకు ఒళ్ళు మండింది. నేను వేళాకోళానికి అనలేదు.

మాది గురజాల వైపు ఊరు, రాజకీయం ఉన్న ఇల్లు. ఊళ్ళో రెండు వర్గాలు, మాదొకటి, అవతలిదొకటి. మా ఇంట్లో పనికొచ్చే మాటేదీ పేరు పెట్టి చెప్పుకోరు. “ఆయన వచ్చాడా? వాళ్ళకి తెలిసిందా? సరే, వాణ్ణి ఆడనే ఉండమను” అని నాన్న ఫోన్‌లో అంటే, పక్కన అన్నం తింటున్న పిల్లలకు కూడా ఎవరెవరో అర్థమైపోయేది. పేరు ఉండేది ఎదురుగా ఉన్నవాళ్ళకే. ‘వాళ్ళు’ అన్నామంటే ఆ మనుషులు అక్కడ లేరు, వాళ్ళ పేరు అక్కడ పలకకూడదు. అలా పెరిగినదాన్ని, ‘దే’ కనబడగానే పై వాక్యంలో వెతుకుతానా? ఊరి అవతల వెతుకుతాను.

క్లాసు అయ్యాక మేడమ్ నన్ను ఆపింది. “పేరాలో లేనోళ్ళు దాన్లోకి రారమ్మా. ‘వాళ్ళు’ అన్న చోట పైన ఉన్న పేరు పెట్టి పైకి చదువు. అతికితే అదే. అతక్కపోతే ఇంకో పేరు పెట్టి చూడు.”

నేను నమ్మలేదు. ఇంత తేలికైతే పరీక్షలో ఎందుకిస్తారు? ఏదో మెలిక ఉంది, అది పైసలు ఎక్కువ కట్టిన బ్యాచ్‌కి మాత్రమే చెబుతుందేమో అనుకున్నాను. అయినా ఆమె తప్పు పట్టుకోవాలనే పట్టుదలతో పాత పేపర్లన్నీ ముందేసుకుని, ప్రతి ‘దే’ దగ్గరా పేరు పెట్టి గొణుక్కుంటూ చదివాను. అతికాయి. ఒక్కటి కూడా ఎదురు తిరగలేదు. మార్కులు వచ్చాయి గానీ, సంతోషం కంటే ఉక్రోషమే ఎక్కువ వచ్చింది. ఇన్నాళ్ళూ లేని మనుషుల కోసం వెతికి మార్కులు పోగొట్టుకున్నాను.

పరీక్ష దగ్గర పడుతుండగా శివరాత్రికి ఇంటికి వెళ్ళాను. పండగ అయ్యాక బ్యాగు సర్దుతుంటే నాన్న మంచం మీద కూర్చుని, “ఇంక హాస్టలెందుకు, ఇంటికాడ చదువుకో” అన్నాడు.

“క్లాసులు ఇంకా అయిపోలా నాన్నా. మోడల్ టెస్టులన్నీ ఇప్పుడే పెడతారు.”

“ఆడపిల్లవి అట్టా బస్సుల్లో తిరుగుతుంటే వాళ్ళు ఊరుకోరు. ఏదో ఒకటి అంటారు.”

మా ఇంట్లో ‘వాళ్ళు’ అన్న మాట పడిందంటే ఇక మాట్లాడేది లేదు. మా అక్క డిగ్రీ ఆ మాటతోనే ఆగింది. నాకు కోచింగు పోతుందన్న భయం ఒక పక్క, కోపం ఒక పక్క. ‘దే’ దగ్గర పేరు వెతకడం నోటికి అలవాటైపోయిందో ఏమో, అడిగేశాను.

“వాళ్ళంటే ఎవరు నాన్నా?”

“వాళ్ళే.”

“అవతలి వర్గం పెద్దాయనా? ఆయన మనవరాలు హైదరాబాదులో హాస్టల్లోనే ఉంది గదా.”

నాన్న దిండు సర్దుకున్నాడు.

“పోనీ బాబాయా? పోయినసారి నన్ను బస్సెక్కించింది బాబాయే. పెదనాన్నా? పరీక్ష ఎప్పుడని ఆయన నిన్ననే అడిగాడు.”

“పేర్లెందుకే నీకు? చానా మాటలు నేర్చావే!”

ఒక్కో పేరు పెట్టి చూస్తున్నాను, ఒక్కటీ అతకడం లేదు. నాకు ఏడుపు వస్తోంది. ఇంతలో వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అమ్మ చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

“పేరేగా నీకు కావాల్సింది? నేను చెప్తా” అని, ఇంటిపేరుతో సహా నాన్న పేరు చెప్పింది.

అమ్మ నోట ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. ఆధార్ కేంద్రంలో భర్త పేరు అడిగినా నన్ను ముందుకు తోసి చెప్పించేది. మా వైపు ఆడవాళ్ళందరూ అంతే.

“ఆయన తప్ప ఎవురూ అడ్డం లేరు” అంది. మాట వెనక్కి తీసుకోలేదు.

నాన్న కోప్పడతాడనుకున్నాను. గిన్నె ఏదో ఎగురుతుందనుకున్నాను. ఆయన మాత్రం అమ్మ వైపు ఒక కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. “రేపు బస్సు ఎన్నింటికి?” అన్నాడు.

నన్ను కాదు, అమ్మను అడిగాడు. పొద్దున్నే మాట మారుస్తాడేమోనని నాకు అనుమానంగానే ఉంది. అయినా బ్యాగు జిప్పు లాగేశాను.